గజ్జల్లో బిళ్ళ ఎందుకు కడుతుంది?



కాలికి ముల్లు గుచ్చుకుని చీము పడితే గజ్జల్లో బిళ్ళ కడుతుంది. మన గూడేల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. పుండు కాలికైతే బిళ్ళ గజ్జల్లో ఎందుకు? మా హాస్టల్ రూంలో జువాలజీ చదివే నలుగురం ఈ ప్రశ్న పట్టుకుని కూర్చున్నాం. మా ఇళ్లల్లో కాలేజీకి వచ్చిన మొదటివాళ్ళం మేమే. ఇంటికెళ్తే ఏం చదువుతున్నారని అడుగుతారు కదా.

ఆ బిళ్ళ లింఫు గ్రంథి. పుండు దగ్గర కాపలా ఉండే డెండ్రిటిక్ కణం క్రిమి ముక్కను పట్టుకుని లింఫు నాళంలో అక్కడిదాకా వస్తుంది. టీ కణాలేమో రక్తంలోంచి వస్తాయి. పారే రక్తంలో ఆగడం తేలిక కాదు. నాళం గోడకు తగులుకుంటూ దొర్లి, నెమ్మదించి, అతుక్కుని, గోడ సందుల్లోంచి లోపలికి దూరతాయి. ఇద్దరినీ పిలిచేది సీసీఎల్21 అనే పదార్థం. దాన్ని పసిగట్టే సీసీఆర్7 వాటి ఒంటిమీద ఉంటుంది. ఇప్పపువ్వు వాసనకు ఎలుగు వచ్చినట్టే అనుకోండి.

గ్రంథి లోపల సన్నని దారాల వల ఉంటుంది. అడవిలో కాలిబాట పట్టినట్టు టీ కణాలు దానిమీద నిమిషానికి సుమారు 10 మైక్రోమీటర్లు పాకుతూ అటూ ఇటూ తిరుగుతాయి. 2002లో సైంటిస్టులు ఎలుక గ్రంథిలో ఈ తిరుగుడును మైక్రోస్కోపుతో కళ్లారా చూశారు. ఒక క్రిమి ముక్కను గుర్తుపట్టే టీ కణం లక్షలో ఒకటో, పది లక్షల్లో ఒకటో ఉంటుంది. అందుకే అంత తిరుగుడు. ఇంకా క్రిమిని చూడని కణాన్ని పుస్తకంలో 'నైవ్' అన్నారు, అంటే లోకం తెలియనిది. ఫస్టియర్‌లో మమ్మల్నీ అలాగే చూశారు, నవ్వుకున్నాం.

వెతికింది దొరక్కపోతే దాదాపు ఒక రోజులో బయటపడి ఇంకో గ్రంథికి పోతుంది. ఈ సంత కాకపోతే ఆ సంత. బయటకు లాగేది ఎస్1పీ అనే కొవ్వు పదార్థం, రక్తంలో ఎక్కువ, గ్రంథిలో తక్కువ. క్రిమి వచ్చినప్పుడు కొన్నాళ్లు కణాలకు ఆ పిలుపు అందదు. వచ్చేవి వస్తూనే ఉంటాయి, పోయేవి ఆగిపోతాయి, క్రిమిని గుర్తుపట్టినవి రెండై నాలుగై పెరుగుతాయి. సంత కిక్కిరిసింది, బిళ్ళ ఉబ్బింది.

పుండు మానితే ఆ బిళ్ళ మెల్లగా తగ్గిపోతుంది. తగ్గనిదాని సంగతి వేరు. మాలో ఒకరి అమ్మకు మెడలో బిళ్ళ నొప్పి లేకుండా మూడు నెలలు ఉండిపోయింది. పసరు రాశారు, దిష్టి తీశారు. చివరికి సూదితో తీసి పరీక్ష చేస్తే టీబీ. ఆ క్రిమి సంతలోనే కాపురం పెడుతుంది మరి. గవర్నమెంట్ మందులు ఉచితంగా ఇచ్చారు, ఆరు నెలలు మింగింది, ఇప్పుడు పోడు పనికి పోతోంది. పసరును తక్కువ చేయడం లేదు, మా తాతల మందులంటే మాకు గౌరవమే. కానీ రెండు వారాలు దాటిన బిళ్ళను పీహెచ్‌సీలో చూపించాలి, ఆశా అక్కకైనా చెప్పాలి.

సెలవుల్లో గూడెం గూడెం తిరిగి ఇది చెబుదామని అనుకుంటున్నాం. కోయలో, గోండిలో, కువిలో బిళ్ళను మీ దగ్గర ఏమంటారో రాయండి.