గ్లెన్‌కో: అందరికీ దారిచ్చే కొండలు

గ్లాస్గో నుంచి ఉత్తరానికి సాగే ఏ82 రోడ్డు రానక్ మూర్ చిత్తడి మైదానాన్ని దాటగానే కొండల మధ్యకు దిగుతుంది. రెండు పక్కలా నిటారు రాతి గోడలు, వాటి మీంచి జారే నీటి ధారలు, కింద సన్నటి ఏరు. స్కాట్లండ్ హైలాండ్స్‌లో పేరుమోసిన లోయ గ్లెన్‌కో ఇదే. వాతావరణం బాగుంటే శనివారం పొద్దున్నే రోడ్డు పక్క ఖాళీ జాగాలు కార్లతో నిండిపోతాయి. డిక్కీ ఎత్తి, దాని అంచున కూర్చుని బూట్లకు లేసులు బిగించుకునే మిత్రబృందాలు కనిపిస్తాయి.

ఈ గోడలు ఒక పురాతన అగ్నిపర్వతం మిగిల్చినవి. సుమారు 42 కోట్ల ఏళ్ల కిందట అడుగునున్న శిలాద్రవం ఎగజిమ్మడంతో పైనేల గుండ్రంగా పగిలి లోపలికి కుంగిపోయింది. అగ్నిపర్వతాలు అలా కుంగే తీరును భూగర్భ శాస్త్రవేత్తలు 1909లో ఇక్కడి రాళ్లు చూసే వివరించారు. ఆ తర్వాత హిమానీనదాలు వచ్చి లోయను తొలిచాయి.

స్కాట్లండ్‌లో 3,000 అడుగులు, అంటే 914 మీటర్లు దాటిన ప్రధాన శిఖరాన్ని మన్రో అంటారు. 1891లో హ్యూ మన్రో తొలి జాబితా అచ్చు వేయించాడు కాబట్టి ఆయన పేరే నిలిచిపోయింది. ఇప్పటి లెక్క ప్రకారం అవి 282. వాటన్నిటినీ ఎక్కడానికి జీవితమంతా వెచ్చించేవాళ్లు ఉన్నారు. కొత్తవాళ్లకు మాత్రం గ్లెన్‌కోలోని బూకల్ ఎటివ్ బెగ్ మంచి ఆరంభం. ఒకే కొండవరస మీద రెండు మన్రోలు ఉంటాయి: 925 మీటర్ల స్టాబ్ కొర్రీ రానిఖ్, 958 మీటర్ల స్టాబ్ డూ.

రెండూ ఎక్కి దిగితే నడక ఎనిమిది కిలోమీటర్ల పైచిలుకు, ఎక్కాల్సింది దాదాపు 900 మీటర్లు. ఎంత సేపు పడుతుందో లెక్క వేయడానికి స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది. ఐదు కిలోమీటర్లకు ఒక గంట, 300 మీటర్ల ఎక్కుడుకు మరో అరగంట. ఆ లెక్కన ఈ కొండకు మూడు గంటల పైమాటే. ఆగడాలు, తినడాలు, ఫొటోలు అందులో లేవు. దిగేటప్పుడు మొరాయించే మోకాళ్లూ లేవు. నలుగురు కలిసి వెళ్తే ఐదారు గంటలు చేతిలో ఉంచుకోవాలి. అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్ల వేగమే జట్టు వేగం.

మొదట దారి తడి నేల మీదుగా సాగి, తర్వాత రాతి మెట్లయి నిలువుగా లేస్తుంది. ఆ మెట్లను ఆగి చూడాలి. అక్కడి బండలనే నేలలోకి లోతుగా దించి, ఒకదానికొకటి ఆనించి బిగించారు. వాననీరు దారిని కోసుకుపోకుండా అడ్డంగా రాతి కాలువలు వేశారు. పైన రెండు శిఖరాల మధ్య కనుమ చేరేసరికి గాలి మొహం మీద కొడుతుంది. ఎక్కేటప్పుడు చెమటకు విప్పి సంచిలో కుక్కిన జాకెట్లన్నీ ఇక్కడ బయటికి వస్తాయి. రాళ్ల చాటున చేరి ఫ్లాస్కులో టీ పంచుకుంటారు. ఒకరు మ్యాప్ ఎగిరిపోకుండా మోకాలి కింద అదిమిపెట్టి, మబ్బు దిగేలోగా స్టాబ్ డూ దాకా వెళ్లి రాగలమా అని చూస్తారు. మబ్బు దిగకపోతే ఆ శిఖరం చివర నుంచి ఎటివ్ సముద్రపు పాయ కిందుగా, పొడుగ్గా మెరుస్తూ కనిపిస్తుంది.

ఈ లోయకు భయంకరమైన గతం ఉంది. 1692 ఫిబ్రవరి 13 తెల్లవారుజామున, దాదాపు రెండు వారాలుగా ఈ లోయవాసులైన మెక్‌డొనాల్డ్ వంశస్థుల ఇళ్లలో అతిథులుగా తిని పడుకున్న సైనికులే వాళ్ల మీద పడ్డారు. సుమారు 38 మందిని చంపారు. పారిపోయినవాళ్లలో ఎందరో మంచులో, చలికి పోయారు. గ్లెన్‌కో ఊళ్లో వాళ్ల స్మారక స్తంభం దగ్గర కాసేపు నిలబడకుండా కొండెక్కడం సరికాదు.

ఇంత అందమైన చోట హోటళ్లు, రోప్‌వేలు లోయను ఎందుకు కమ్మేయలేదు? జవాబు 1930లలో ఉంది. 1935లోనూ 1937లోనూ ఈ భూములు అమ్మకానికి వచ్చినప్పుడు వారసత్వ సంరక్షణ సంస్థ నేషనల్ ట్రస్ట్ ఫర్ స్కాట్లండ్ కొన్నది. డబ్బు కూడగట్టడంలో ముందు నిలిచిన పర్వతారోహకుడు పెర్సీ ఊనా 1937లో ట్రస్టుకు రాసిన లేఖలో గట్టి నియమాలు అడిగాడు: కొండలను ఎక్కడానికి సులువు చేయకూడదు, దారి గుర్తులు పెట్టకూడదు, హోటళ్లు కట్టకూడదు. దారులు బాగుచేయడం కూడా ఆయనకు ఇష్టం లేదు. అయినా ఇప్పుడు రాతి మెట్లు ఉన్నాయంటే, వేల బూట్ల కింద నలిగి కొండ ఒళ్లు గాయపడటం వల్లే. ఆ మెట్లు కొండను కాపాడుతున్నాయి; ఊనా మాట తప్పినట్టు కాదు.

2003 నాటి భూసంస్కరణ చట్టం స్కాట్లండ్‌లో దాదాపు ఏ భూమి మీదైనా బాధ్యతగా నడిచే హక్కు అందరికీ ఇచ్చింది. కొండకు టికెట్ లేదు, కాపలా లేదు. తుప్పపొదలు తొక్కకుండా, చెత్త వదలకుండా, గొర్రెలను, జింకలను బెదరగొట్టకుండా నడవడమే ఎదురు బాధ్యత.

గ్లాస్గో, ఎడిన్‌బరాల్లో చదువుకుంటున్న తెలుగు పిల్లలు ఒక్కసారైనా ఇక్కడికి రావాలి. గ్లాస్గో నుంచి ఫోర్ట్ విలియం బస్సు ఈ లోయ మీదుగానే వెళ్తుంది. మే నెల అనువైనది. వేసవి నడుమ గాలి ఆగితే చాలు, నుసుముల్లాంటి మిడ్జ్ పురుగులు ముసురుకుంటాయి. డిసెంబరులో పగలు దాదాపు ఏడు గంటలే, పైన మంచు గడ్డకట్టి ఉండొచ్చు. అనుభవం లేనివాళ్లు అప్పుడు ఎక్కొద్దు. జీన్సు ప్యాంట్లు వద్దు, తడిస్తే ఆరవు. వాన జాకెట్, మ్యాప్, దిక్సూచి, హెడ్‌టార్చ్, అదనంగా తిండి తప్పనిసరి. బయల్దేరేముందు పర్వత వాతావరణ సూచన చూసుకోండి, ఎప్పటికి తిరిగొస్తారో ఒకరికి చెప్పండి. ఆపద వస్తే 999కు ఫోన్ చేసి పోలీసులను, ఆ తర్వాత మౌంటెన్ రెస్క్యూను అడగాలి. హేమిష్ మెకినెస్ 1961లో నెలకొల్పిన గ్లెన్‌కో రక్షక దళంలో ఉన్నవాళ్లంతా స్వచ్ఛంద సేవకులు. ఎవరిని కాపాడినా పైసా తీసుకోరు.