పసుపు రంగును నమ్మి పోగొట్టుకున్న రెండేళ్లు

పీహెచ్‌డీలో నా పని లైపేజ్ అనే ఎంజైమును మెరుగుపరచడం. కొవ్వును విడగొట్టే ప్రోటీన్ అది. వేరుశనగ నూనె మీద ఇంకా చురుగ్గా పనిచేసేలా దాన్ని మార్చాలి. అందుకు ఎంచుకున్న దారి డైరెక్టెడ్ ఎవల్యూషన్. జన్యువులో అక్కడక్కడా మార్పులు పుట్టించి, ఈ.కోలై బ్యాక్టీరియాలోకి ఎక్కించి, అవి తయారుచేసే ప్రోటీన్లలో మెరుగైనవి ఏరుకుని, వాటితో మళ్లీ ఇంకో రౌండు మొదలుపెట్టాలి. విత్తనానికి మంచి కంకులు ఏరిపెట్టే రైతు పనే ఇది. మా చేను 96 గుంటల ప్లాస్టిక్ ప్లేటు. ఈ పద్ధతికి బాట వేసిన ఫ్రాన్సెస్ ఆర్నాల్డ్‌కు 2018లో రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది.

వేల గుంటల్లో నూనెతో పరీక్షించడం కష్టం. అందుకని చాలామందిలాగే పారా నైట్రోఫినైల్ బ్యూటిరేట్ వాడాను. ఎంజైము దాన్ని విడగొడితే గుంట పసుపెక్కుతుంది. పసుపు ఎంత ముదిరితే ఎంజైము అంత చురుకైనదని లెక్క.

ఐదో నెలలో ఒక జూనియర్ అమ్మాయి అడిగింది: "అన్నా, ఒకసారి నూనె మీద కూడా చూద్దామా?"

"ఈ రౌండు అవనీయమ్మా" అన్నాను. తీరిక లేక కాదు. సోమవారం మీటింగులో చూపించే నా గ్రాఫు పైపైకి పోతోంది. అది ఎక్కడ పడిపోతుందోనని భయం. ఆ భయాన్ని నాలో నేను కూడా ఒప్పుకోలేదు.

ఆరు రౌండ్లు, రెండేళ్లు గడిచాక నూనె తీశాను. ఒక ఫ్లాస్కులో మొదటి ఎంజైము, ఇంకోదాంట్లో నా ఆరో తరం ఎంజైము. నూనె విడిపోతే కొవ్వు ఆమ్లాలు వస్తాయి. ఆమ్లం ఎంత ఎక్కువుంటే, అందులో కలిపిన సూచిక గులాబీ రంగు తేలడానికి అంత క్షారం పోయాలి. పాతదాంట్లో బ్యూరెట్ నుంచి చుక్కలు పడుతూనే ఉన్నాయి, రంగు నిలవడం లేదు. నాదాంట్లో నాలుగు చుక్కలకే నిలిచిపోయింది. మూడుసార్లు చేశాను. మూడుసార్లూ అంతే.

బ్యూటిరేట్‌లో కార్బన్లు నాలుగు. వేరుశనగ నూనెలో ఎక్కువగా ఉండే ఒలీక్, లినోలీక్ ఆమ్లాల్లో 18. ప్రతి తరంలోనూ పొట్టి గొలుసుకు సరిపోయిన ప్రోటీన్‌నే ఏరుకుంటూ వచ్చాను. బ్యాక్టీరియా నేను అడిగిందే ఇచ్చింది. దేనికోసం వడకడితే అదే దొరుకుతుందన్నది ఈ రంగంలో పాత సూత్రం. నా రీసెర్చ్ ప్రపోజల్‌లో ఆ వాక్యం నేనే రాశాను.

2020 జనవరిలో ఆర్నాల్డ్, అంతకుముందు ఏడాది సైన్స్ పత్రికలో వచ్చిన తన పత్రాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆ ఫలితాలు మళ్లీ రాలేదు. పనుల ఒత్తిడిలో తన బాధ్యత సరిగా నిర్వర్తించలేదని బయటికే చెప్పి క్షమాపణ కోరారు. అది చదివిన వారమే, మీటింగులో అందరి ముందూ ఆ జూనియర్‌కు నేను క్షమాపణ చెప్పాను.

ఇప్పుడు నా దగ్గర ప్రతి రౌండులో ముందు నిలిచిన పది ఎంజైములకూ నూనె పరీక్ష అయ్యాకే తర్వాతి రౌండు. ఈ రంగంలోకి వచ్చే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నా విన్నపం ఒకటే. మీ ఎంజైమును అసలు పదార్థం మీద మొదటి రౌండులోనే పరీక్షించండి. అందుకు ఒక్క పూట చాలు.