మాట తీసేస్తే పాట మిగులుతుందా?

మనలో చాలామందికి పాట అంటే మాటే! హాల్లోంచి బయటికొస్తూ పల్లవి పాడుకుంటాం. చరణంలో రెండో లైను గుర్తు రాకపోతే పక్కవాణ్ణి గోకుతాం. ఎవరు రాశారు, ఎవరు పాడారు, తెరమీద పెదాలు కదిపిందెవరు... ఈ మూడూ తెలిస్తే పాట మొత్తం తెలిసినట్టే లెక్క. అందులో గిటారు వాయించిన వాడెవడండీ అని అడిగే పుణ్యాత్ముడు మాత్రం నూటికొకడు కూడా తగలడు. గిటారు వాయించే జాతికి చెందినవాణ్ణి గనక ఈ బాధ నాకు బాగా తెలుసు.

అందుకే ఈ వారం మీకు ఒక గిటారిస్టుని పరిచయం చేస్తాను. పేరు బిల్ ఫ్రిజెల్. 1951లో అమెరికాలోని బాల్టిమోర్‌లో పుట్టాడు, డెన్వర్‌లో పెరిగాడు. చిన్నప్పుడు క్లారినెట్ ఊదాడు. తర్వాత గిటారు పట్టాడు. బోస్టన్‌లోని బర్క్లీ సంగీత కళాశాలలో చదివాడు. జిమ్ హాల్ అనే గొప్ప జాజ్ గిటారిస్టు దగ్గర పాఠాలు చెప్పించుకున్నాడు. ఇంత చదువూ చదివినవాడు వేళ్ల వేగం చూపించి జనాన్ని కంగారు పెడతాడనుకుంటాం కదా! ఈయన అలా కాదు. ఒక్క స్వరం మీటి, అది గాలిలో కరిగిపోయేదాకా ఆగుతాడు. మనం 'తర్వాతేమిటి?' అనుకునేలోగా రెండోది మీటుతాడు.

ఆయన ఎన్నో రకాల బృందాలతో వాయించాడు. నేను చెప్పబోయేది మాత్రం ముగ్గురి బృందాల సంగతి. ఒక గిటారు, ఒక బేస్, ఒక డ్రమ్స్ సెట్టు. అంతే! పాటగాడు లేడు. పియానో లేదు. వయొలిన్ల వరుస అసలే లేదు.

మూకీ చిత్రానికి ముగ్గురు మనుషులు

'సినిమా పత్రికలో ఈ అమెరికా గిటారు గొడవేమిటయ్యా' అంటారేమో. సంబంధం ఉంది. ఈయన నాకు మొదట తెలిసిందే రీ-రికార్డింగ్ చేసిన మనిషిగా! ఫ్రిజెల్ చాలా ఏళ్లు సియాటిల్‌లో ఉన్నాడు. మా మేనత్త కొడుకు ఉద్యోగం కూడా ఆ ఊళ్లోనే. 2010లో సెలవులకు వచ్చినప్పుడు 'బావా, గిటారంటే చెవి కోసుకుంటావుగా' అంటూ కొన్ని సీడీలు నా చేతిలో పెట్టాడు. వాటిలో ఒకటి బస్టర్ కీటన్ చిత్రాలకు కట్టిన సంగీతం.

చాప్లిన్ తెలిసినంతగా మనవాళ్లకు కీటన్ తెలియడు. మూకీల కాలపు హాస్యనటుడే. కానీ ముఖంమీద నవ్వు పూయదు. ఇల్లు కూలినా అదే ముఖం, రైలు మీదికొచ్చినా అదే ముఖం. 1920లో వచ్చిన 'వన్ వీక్' అనే పొట్టి చిత్రం చూడండి. కొత్త దంపతులకు ఇల్లు కానుకగా వస్తుంది... పెట్టెల్లో, విడిభాగాలుగా! నంబర్ల ప్రకారం బిగించుకోవాలి. ఆ అమ్మాయిని చేసుకోవాలని చూసి భంగపడ్డవాడొకడు కుళ్లుకొద్దీ నంబర్లు మార్చేస్తాడు. ఇల్లు అష్టవంకర్లు తిరుగుతుంది. గాలివాన వస్తే రంగులరాట్నంలా గిరగిరా తిరుగుతుంది. చివరికి రైలు పట్టాలమీద ఇరుక్కుపోతుంది. అదిగో రైలు! ఇద్దరూ కళ్లు మూసుకుంటారు. రైలు పక్క లైనులో పోతుంది. హమ్మయ్య అనుకునేలోగా అటునుంచి ఇంకో రైలొచ్చి ఇంటిని తునాతునకలు చేస్తుంది!

ఇలాంటి సీనుకి ఎవరైనా ఏం వాయిస్తారు? పడితే 'ధడేల్', జారితే 'సర్ర్'. 1931లో 'ఆలం ఆరా', 1932లో మన 'భక్త ప్రహ్లాద' వచ్చి తెరకు గొంతు రాకముందు, మన హాళ్లలో హార్మోనియం, తబలా వాళ్లు తెరపక్క కూర్చుని వాయించేవారు. అమెరికా హాళ్లలో పియానో, ఆర్గాన్ మోగేవి. ఫ్రిజెల్, బేస్ వాయించిన కెర్మిట్ డ్రిస్కాల్, డ్రమ్స్ వాయించిన జోయీ బేరన్... ఈ ముగ్గురూ అదే పని చాలా ఏళ్ల తర్వాత తమ ధోరణిలో చేశారు. ఆ సంగీతం 1995లో రెండు ఆల్బమ్‌లుగా వచ్చింది. ఒకటి 'గో వెస్ట్' చిత్రానికి. రెండోది 'ది హై సైన్', 'వన్ వీక్' అనే పొట్టి చిత్రాలకు.

'గో వెస్ట్' 1925 నాటిది. కీటన్‌కి లోకంలో నా అనేవాళ్లు లేరు. ఒక ఆవు స్నేహం చేస్తుంది. దాని పేరు బ్రౌన్ ఐస్. ఒకచోట పేకాటలో ఒకడు తుపాకీ చూపించి నవ్వమంటాడు. పాపం, కీటన్‌కి నవ్వు రాదు. రెండు వేళ్లతో పెదాల చివరలు పైకి నెట్టుకుంటాడు! హాల్లో జనం పడీపడీ నవ్వే ఘట్టమే... కానీ వెనక ఎంత ఒంటరితనం! ఈ ముగ్గురి సంగీతంలో నా చెవికి తగిలింది ఆ ఒంటరితనమే. నవ్వించే పని కీటన్‌కి వదిలేసి, ఆయన ముఖం చెప్పనిది వీళ్లు చెప్పారు. పచ్చికబయళ్ల కథ గనక కంట్రీ బాణీ వినిపించడం సహజమే. ఆ పక్కనే బ్లూస్ మూలుగుతుంది. డ్రమ్స్ చూస్తే జాజ్ నడక నడుస్తూ ఉంటుంది. మూడూ ఒకే ఇంట్లో మనుషుల్లా మసలుతాయి.

గోడ కట్టిందెవరు?

ఇక్కడే ఒక ప్రశ్న వస్తుంది. జాజ్, బ్లూస్ అంటే నల్లవాళ్ల సంగీతం, కంట్రీ అంటే తెల్లవాళ్ల పల్లె సంగీతం అని కదా లోకంలో పేరు! మరి అన్నీ కలిపేస్తే కిచిడీ అయిపోదా?

కాస్త వెనక్కి వెళ్దాం. 1920లలో అమెరికా గ్రామఫోను కంపెనీలు అమ్మకాల కోసం ఒక ఏర్పాటు చేసుకున్నాయి. నల్లవాళ్ల పాటలు నల్లవాళ్లకు అమ్మడానికి 'రేస్ రికార్డులు', తెల్ల పల్లెటూరివాళ్ల పాటలకు 'హిల్‌బిల్లీ'... వేరు వేరు వరుసలు, వేరు వేరు కేటలాగులు. పాడేవాళ్లకు మాత్రం ఈ లెక్క ఎక్కడ పట్టింది? తెల్ల పల్లెల వాద్యమని పేరుబడ్డ బాంజో, ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్లతో అమెరికా చేరిన వాద్యం. కంట్రీ సంగీతానికి మూలపురుషులనదగ్గ కార్టర్ కుటుంబానికి ఊరూరా తిరిగి పాటలు సేకరించడంలో తోడు నిలిచినవాడు లెస్లీ రిడిల్ అనే నల్లజాతి గిటారిస్టు. హ్యాంక్ విలియమ్స్ కుర్రతనంలో పాఠాలు నేర్చింది రూఫస్ పేన్ అనే నల్లజాతి వీధిగాయకుడి దగ్గర. 1930లో లాస్ ఏంజెలిస్‌లో కంట్రీ గాయకుడు జిమ్మీ రోజర్స్ పాడుతుంటే, ట్రంపెట్ ఊదినవాడు సాక్షాత్తూ లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్! నల్లవాళ్లూ తెల్లవాళ్లూ ఒకే బల్లమీద భోంచేయడానికి అమెరికా దక్షిణాదిలో వీల్లేని రోజులవి.

కాబట్టి గోడ కట్టింది కొట్టువాడండీ, పాటగాడు కాదు. ఫ్రిజెల్ కొత్తగా కలిపిందేమీ లేదు. కలిసే ఉన్నవాటిని విడదీయకుండా వాయించాడు, అంతే.

దీనికి సాక్ష్యం కావాలంటే 2005లో వచ్చిన 'ఈస్ట్-వెస్ట్' అనే జంట ఆల్బమ్ వినాలి. అందులో ఈస్ట్ భాగం న్యూయార్కులోని విలేజ్ వాన్‌గార్డ్‌లో జనం ముందు వాయించింది. ఆ వాన్‌గార్డ్ 1935 నుంచి నడుస్తున్న క్లబ్బు. మెట్లు దిగి వెళ్లాల్సిన నేలమాళిగ. బేస్ టోనీ షెర్, డ్రమ్స్ కెన్నీ వోలసన్. వాళ్లు వాయించిన పాటల జాబితా చూస్తే కళ్లు తిరుగుతాయి. హెన్రీ మాన్సినీకి ఆస్కార్ తెచ్చిన సినిమా పాట 'డేస్ ఆఫ్ వైన్ అండ్ రోజెస్' ఉంది. లూయిసియానా జైల్లో ఖైదీగా ఉన్నప్పుడు లెడ్‌బెల్లీ గొంతు 1933లో రికార్డుకెక్కింది. ఆయన పాటగా పేరుపడ్డ 'గుడ్‌నైట్ ఐరీన్' ఉంది. విల్లీ నెల్సన్ రాయగా 1961లో పాట్సీ క్లైన్ పాడి ఊపేసిన 'క్రేజీ' ఉంది. జానీ కాష్ పాట ఉంది. జాజ్ కొట్లో ఒకటి, కంట్రీ కొట్లో ఒకటి, సినిమా కొట్లో ఒకటి కొనాల్సినవన్నీ ఒకే బుట్టలో!

బేస్ అడుగున స్థిరంగా నడవదు, కబుర్లు చెప్పినట్టు గిటారుకి బదులిస్తుంది. డ్రమ్స్ తాళం వేయడం మానేసి ఒక్కోసారి ఊపిరి పీల్చినట్టు ఆగుతాయి. గిటారు రాగాన్ని ముక్కలు చేసి, కొన్ని ముక్కలు కావాలనే మనకు వదిలేస్తుంది.

మా ముగ్గురి సంగతి

ఆ వదిలేసే ముక్కల విలువ నాకు 2011లో తెలిసొచ్చింది. మాది తెనాలి దగ్గర పెళ్లిళ్లకు, జాతరలకు వాయించే చిన్న పార్టీ. ఆ ఏడు పెళ్లిళ్ల రోజుల్లో మా పాటగాడు, ఆడపాటలు పాడే అమ్మాయి, కీబోర్డు కుర్రాడు కలిసి వేరే పార్టీ పెట్టుకున్నారు. మిగిలింది ముగ్గురం. నేను గిటారు. బేస్ వాయించే బాబాయ్ ఒకడు, డ్రమ్స్ వాయించే అన్నయ్య ఒకడు. వారంలో రిసెప్షను. బయానా తీసుకున్నాం, అందులో సగం యాంప్లిఫయరు రిపేరుకి పోయింది కూడా!

'పాటగాడు లేకుండా పోతే పందిట్లో గుంజకి కట్టేస్తార్రా మనల్ని' అన్నాడు బాబాయ్.

'అప్పుచేసైనా బయానా తిరిగిచ్చేద్దాం. ఇంతటితో పార్టీ మూసేద్దాం. ఇక నేను ఎరువుల కొట్లో కూర్చుంటా' అన్నాడు అన్నయ్య. ఆయనకి అప్పటికే పద్దెనిమిదేళ్ల సర్వీసు!

నేనేం మాట్లాడలేదు. వాన్‌గార్డ్ డిస్కు పెట్టాను. ఇద్దరూ ఆఖరిదాకా విన్నారు. 'వీళ్లకీ పాటగాడు పారిపోయాడా ఏంట్రా?' అన్నాడు బాబాయ్. ఆ రాత్రే సాధన మొదలెట్టాం.

పాత పాటలు పది ఎంచుకున్నాం. నేను మనసులో సాహిత్యం చదువుకుంటూ అక్షరానికొక మీటు మీటాను. పాడేవాళ్లు ఊపిరి పీల్చేచోట చెయ్యి తీసేశాను. బాబాయ్ నా వెంట రాకుండా, నా మాటకి జవాబు చెప్పాలన్నది ఒప్పందం. అన్నయ్య దగ్గర బ్రష్షులు లేవు. కొబ్బరి ఈనెలు కట్టగట్టి వాయించాడు!

రిసెప్షన్‌లో మొదటి మూడు పాటలకీ ఎవరూ తలెత్తలేదు. ఒక పిల్లాడొచ్చి 'అంకుల్, పాడేవాళ్లు ఇంకా రాలేదా?' అని అడిగి వెళ్లాడు. నాలుగోది 'మల్లీశ్వరి'లోది, 1951 నాటి సాలూరివారి బాణీ. పల్లవి సగంలో నేను చెయ్యి తీసేసరికి, రెండో వరస బల్ల దగ్గర ఒక పెద్దావిడ మిగతా సగం పాడేసింది! నేను ఆగాను. ఆవిడ చరణం అందుకుంది. మధ్యలో మాట మరిచిపోతే పక్కావిడ అందించింది. వడ్డించే కుర్రాడు సాంబారు బకెట్టు పట్టుకుని నిలబడిపోయాడు. అన్నయ్య ఈనెల కట్ట ఆడిస్తూనే కళ్లు తుడుచుకున్నాడు.

అంతా జేజేలు కొట్టారని చెప్పను. పెళ్లికొడుకు స్నేహితులు డాన్సు పాట అడిగారు, లేదనగానే లేచి వెళ్లారు. చెప్పిన డబ్బులో కొంత కోసుకున్నారు. కానీ ఎరువుల కొట్టు సంగతి అన్నయ్య మళ్లీ ఎత్తలేదు.

ఆ రాత్రి నాకు అర్థమైందిదీ... మాట తీసేస్తే పాటలో ఖాళీ మిగలదు, జనానికి చోటు మిగులుతుంది. వాన్‌గార్డ్‌లో కూర్చున్నవాళ్లకి 'క్రేజీ' మాటలన్నీ వచ్చే ఉంటాయి. ముగ్గురూ నోరెత్తకపోయినా ప్రతి కుర్చీలో ఆ పాట లోలోపల నడుస్తూనే ఉంటుంది. ముసలావిడకి పాట వెనక పెళ్లినాటి ఊరు కనిపించొచ్చు, కుర్రాడికి నిన్నటి బస్సుస్టాపు కనిపించొచ్చు.

మీకు సినిమా దారిలోనే వెళ్లాలనుంటే, 2016లో ఫ్రిజెల్ సినిమా సంగీతంతోనే ఒక ఆల్బమ్ చేశాడు. పేరు 'వెన్ యు విష్ అపాన్ ఎ స్టార్'. 'గాడ్‌ఫాదర్', 'సైకో' సంగీతం కూడా ఉంది అందులో. ముగ్గురి బృందం కాదది, పెట్రా హేడెన్ గొంతు కూడా వినిపిస్తుంది. అక్కడ మొదలెట్టి వాన్‌గార్డ్ మెట్లు దిగండి.

మా పార్టీ ఇప్పటికీ ముగ్గురిదే. కొందరు బేరమాడేటప్పుడు 'పాడేదెవరండీ?' అని అడుగుతారు. బాబాయ్ తడుముకోకుండా చెబుతాడు: 'మీరేనండీ!'