రెండు చుట్లు

మాది సీతాఫల్‌మండి అని చెప్పగానే హాస్టల్లో వచ్చే మొదటి ప్రశ్న: "అక్కడ సీతాఫలాలు బాగా దొరుకుతాయా?" సీజన్లో అన్ని చోట్లా దొరికినట్టే దొరుకుతాయి. నాకు మాత్రం మా ఏరియా అంటే బెల్టు రబ్బరు వాసన. ఎంఎంటీఎస్ స్టేషన్‌కి కొంచెం దూరంలో మా బాబాయ్‌కి ఒక చిన్న షట్టర్ ఉంది, ఏసీ రిపేరు. గోడనిండా మేకులు, మేకులకి వీ-బెల్టులు. ఎ-42, బి-52 అని వాటి మీద రాసి ఉంటుంది. అక్షరం బెల్టు మందాన్ని చెప్తుంది, అంకె ఇంచుల్లో పొడవుని.

సెకండియర్ అయిపోయిన వేసవిలో ఇంట్లో ఖాళీగా ఉన్నానని అమ్మ నన్ను బాబాయ్ వెంట పంపింది. నేనేమో ఆయనకి నేర్పడానికి వెళ్తున్నాననుకున్నాను. ఫ్యాన్ లాస్ అప్పుడే చదివి, మంచి మార్కులు కూడా తెచ్చుకున్నాను మరి. స్పీడు ఎంత పెరిగితే గాలి అంత పెరుగుతుంది, పవర్ మాత్రం దాని ఘనంలో పెరుగుతుంది. నిద్రలో అడిగినా చెప్తాను.

మేలో ఒకరోజు దగ్గర్లోని ఒక ఫంక్షన్ హాల్ నుంచి ఫోన్ వచ్చింది. సాయంత్రం రిసెప్షన్ ఉంది, వెనక వరసలకి చల్లదనం రావట్లేదు. డాబా మీద పది టన్నుల ప్యాకేజ్ యూనిట్. టన్నుకి నిమిషానికి సుమారు 400 ఘనపుటడుగుల గాలి కావాలి, అంటే మొత్తం 4000. ఆ గాలిని తోసే బ్లోయర్ మోటారుకి నేరుగా ఉండదు, మధ్యలో పుల్లీలు, బెల్టు ఉంటాయి. గ్రిల్ దగ్గర చెయ్యి పెడితే గాలి మంచులా ఉంది, కానీ మెల్లగా వస్తోంది.

బాబాయ్ టాంగ్ టెస్టర్ పెట్టి చూశాడు. 3.1 ఆంపియర్. మోటారు నేమ్‌ప్లేట్ మీద 4.7 ఉంది. "ఫిల్టర్లు ఊడదీసి కడగాలె" అంటూ హాల్ మేనేజరుతో మాట్లాడ్డానికి కిందికి వెళ్లాడు.

నేనొక్కణ్ణే మిగిలాను. 4.7కి 3.1 అంటే మోటారులో ఇంకా బోలెడు ఖాళీ ఉందనుకున్నాను. మోటారు మీదున్నది అడ్జస్టబుల్ పుల్లీ. దాని ఒక పక్క పళ్లెం మరలా తిరుగుతుంది. లోపలికి బిగిస్తే గాడి ఇరుకై బెల్టు పైకి లేస్తుంది, పుల్లీ పెద్దదైనట్టే. మెయిన్ ఆఫ్ చేసి, బెల్టు వదులు చేసి, అలెన్ కీతో స్క్రూ తీసి పళ్లేన్ని రెండు చుట్లు బిగించాను. స్పీడు దాదాపు 12 శాతం పెరుగుతుందని నా లెక్క. బెల్టు మళ్లీ లాగి ఆన్ చేస్తే గాలి పెరిగింది, ఆంపియర్ 3.9. లోపలే ఉంది. సంబరపడిపోయాను. బాబాయ్ పైకొచ్చాక ఏమీ చెప్పలేదు. సాయంత్రం హాలంతా చల్లగా అయ్యాక చెప్దామనుకున్నాను.

ఫిల్టర్లు తీస్తే దుప్పటంత మందాన దుమ్ము. కడిగి, పిట్టగోడ మీద ఆరబెట్టి, మళ్లీ పెట్టి ఆన్ చేశాం. కాసేపటికి ఓవర్‌లోడ్ ట్రిప్. రీసెట్ చేస్తే మళ్లీ ట్రిప్. టాంగ్ టెస్టర్‌లో 5.9. అప్పటికే కింద డెకరేషన్ వాళ్లు స్టేజీ మీద పూలు కడుతున్నారు. మేనేజర్ పైకొచ్చి, "పొద్దున నడిచిందిగా, మీరు చెయ్యి పెట్టాకే చెడింది" అని అరుస్తున్నాడు. బాబాయ్ ఎదురు మాట్లాడలేదు. బేరింగ్ మీద చెయ్యి పెట్టి చూశాడు, వైండింగ్ చెక్ చేశాడు. చివరికి జేబులోంచి ఫోన్ తీశాడు. రాణీగంజ్‌లో మోటారు దొరుకుతుందేమో అడగడానికి. ఆ మోటారు డబ్బులు ఎవరు కట్టాలో నాకు తెలుసు.

"బాబాయ్, పుల్లీ నేనే మార్చిన. రెండు చుట్లు."

ఆయన ఫోన్ జేబులో పెట్టేశాడు. మేనేజరుతో "అరగంట ఇయ్యండి సార్" అన్నాడు. అంతే. నన్ను చూడలేదు. మెయిన్ ఆఫ్ చేసి, ఫ్యూజులు తీసి జేబులో వేసుకున్నాడు. రెండు చుట్లూ వెనక్కి తిప్పాడు. రెండు పుల్లీల ముఖాలకి దారం ఆనించి, ఒకే వరసలో ఉన్నాయా అని చూశాడు. బెల్టు మధ్యలో బొటనవేలితో నొక్కాడు. అర ఇంచు దిగింది. నేను బిగించినప్పుడు వీణ తీగలా మోగింది అది, అలాగే వదిలేస్తే బేరింగులు కూడా పోయేవి. ఆన్ చేస్తే 4.2 ఆంపియర్. కిందికి దిగితే వెనక వరసలో కుర్చీ కవర్లు కదులుతున్నాయి.

తిరిగి వస్తుంటే అప్పుడు చెప్పాడు. "ఫిల్టర్ జామైతే బ్లోయర్ గాలి గుంజదు. గాలే లేకపోతే మోటారుకు పనెక్కడిది? ఆంపియర్ తక్కువనే సూపిస్తది. అది బలం కాదురా, పని లేక ఖాళీగ కూసున్నట్టు."

నా లెక్క తప్పు కాదు. 1.12ని ఘనం చేస్తే 1.40, 4.2ని 1.40తో గుణిస్తే 5.9. ఫార్ములా అచ్చంగా పనిచేసింది, కాకపోతే నా మీదే. ఆ 3.1 ఎక్కణ్ణుంచి వచ్చిందో నేను అడగలేదు.

"లెక్క చేసినవ్, మంచిదే," అన్నాడు బాబాయ్. "మార్చినంక ఎవరికి చెప్పినవ్? మోటారు కాలిపోయినా నేను వైండింగ్‌నే తిట్టుకుంటుంటి."

మనం ల్యాబ్ రికార్డులో జవాబు ముందు రాసుకుని రీడింగులు తర్వాత నింపుతాం. ఎవరికీ ఏమీ కాదు. డాబా మీద మాత్రం నేను దాచిన రెండు చుట్లకి ఇంకొకరు మాటలు పడ్డారు.

మర్నాడు మళ్లీ వెళ్లాం, ఒకరోజు నడిచాక బెల్టు ఎంత సాగిందో చూడ్డానికి. కొంచెం బిగించాక బాబాయ్ నా చేతికి మార్కర్ ఇచ్చాడు. ప్యానెల్ తలుపు లోపలివైపు రాశాను: "పుల్లీ 3 చుట్లు తెరిచి. ఫిల్టర్ కడిగాక 4.2." కింద తేదీ.

ఈ వేసవిలో అదే హాలుకి వెళ్తే నా రాత ఇంకా ఉంది. దాని కింద బాబాయ్ వంకర అక్షరాల్లో నాలుగు తేదీలు, నాలుగు రీడింగులు. నేను ఐదోది రాశాను.