అడుగున చల్లగానే ఉంది

మా బాల్కనీ గ్రిల్‌కి రంగు వేయించి ఏడాది కాలేదు, అప్పుడే పెచ్చులూడుతోంది. రుషికొండ ఉప్పుగాలి సంగతి ఇక్కడ ఉండేవాళ్ళకి చెప్పక్కర్లేదు. మొన్న సాయంత్రం నేను తుప్పు గీకుతుంటే, ఇంటర్ సెకండియర్ చదువుతున్న మా అమ్మాయి పుస్తకంలోంచి తలెత్తి, "అమ్మా, తుప్పు పట్టేటప్పుడు కూడా వేడి పుడుతుంది, తెలుసా?" అంది.

నేను బీఏ తెలుగు. గ్రిల్ మీద చెయ్యి పెట్టి చూశాను. చల్లగానే ఉంది.

"చాలా నెమ్మదిగా జరుగుతుంది కదా, పుట్టిన వేడి పుట్టినట్టే గాల్లో కలిసిపోతుంది" అంది. వేడి ఎంత పుట్టిందన్నది ఒక లెక్కట, చర్య ఎంత వేగంగా జరిగిందన్నది ఇంకో లెక్కట. చాలా చర్యలు పది డిగ్రీలు పెరిగితే ఇంచుమించు రెట్టింపు వేగం అందుకుంటాయట. ఈ వేగం సంగతి మాత్రం నాకు పుస్తకం లేకుండానే తెలుసు. సంక్రాంతి చలికి తెల్లారినా పొంగని ఇడ్లీ పిండి, మే నెలలో మనం పడుకునేలోపే గిన్నె దాటుతుంది.

"మరి ఆ వేడి బయటికి పోకపోతే?" అన్నాను.

అది కాసేపు మాట్లాడలేదు. "పిన్ని వాళ్ళ దగ్గర జరిగిందే" అంది.

మా చెల్లి వాళ్ళది గోపాలపట్నం. 2020 మే 7 తెల్లవారుజామున, పక్కనే ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఇళ్ళ మీదికి వచ్చింది. 12 మంది పోయారు. లాక్‌డౌన్‌లో ఫ్యాక్టరీ ఆగింది గానీ ట్యాంకులో స్టైరీన్ ఊరికే ఉండలేదు. దాని అణువులు వాటంతటవే గొలుసులా అతుక్కుంటాయట, అతుక్కున్నప్పుడల్లా వేడి పుడుతుంది. అలా అతుక్కోకుండా ఆపడానికి కలిపే రసాయనం తగ్గిపోయింది. ఇక వేడికి వేగం, వేగానికి వేడి తోడయ్యాయి. ప్రభుత్వం వేసిన కమిటీ చెప్పిన ఒక మాట నాకు గుచ్చుకుంది. ఉష్ణోగ్రత చూసే ఏర్పాటు ట్యాంకు అడుగునే ఉంది, మధ్యలో, పైన లేదు.

మా తాతయ్య గుర్తొచ్చాడు. తడిసిన గడ్డి కుప్ప వేస్తే లోపల వేడెక్కి ఒక్కోసారి అంటుకుంటుందని, మోచేతి దాకా చెయ్యి దోపి చూసేవాడు. పైన తడిమి చల్లగా ఉందని ఎప్పుడూ ఊరుకోలేదు.

అప్పుడు చెల్లి వాళ్ళు మా ఇంట్లో పది రోజులున్నారు. వెళ్ళిన దగ్గర్నుంచి ఎప్పుడు ఫోన్ చేసినా "బాగానే ఉన్నాం అక్కా" అనే అంటుంది. నేనూ హమ్మయ్య అనుకుని కూరల గురించి, పిల్లల గురించి మాట్లాడి పెట్టేసేదాన్ని. "పిన్ని ఇప్పటికీ మూడింటికి లేచి కిటికీలు చూస్తుందట, చెల్లాయి చెప్పింది" అంది మా అమ్మాయి, పేజీ తిప్పుతూ.

ఆదివారం ఫోన్ చెయ్యలేదు, బస్సెక్కి వెళ్ళాను. వంటింట్లో దాని పక్కనే కూర్చుని, "ఆ రోజు అసలేం జరిగిందే? మొదట్నుంచి చెప్పు" అన్నాను. "ఇప్పుడెందుకక్కా" అంది. నేను కదల్లేదు.

స్టవ్ కట్టేసి, మూడు గంటల దగ్గర మొదలుపెట్టింది. పెట్టిన టీ రెండుసార్లు చల్లారిపోయింది.