తమ్ముడూ, మాటిచ్చినావు కదా

మా సదుంలో ఎవరికైనా జబ్బు ముదిరితే ముందొచ్చే మాట 'వేలూరుకు తీసుకుపోండి' అనే. అక్కడి ఆసుపత్రి పెట్టిన ఐడా స్కడర్‌కు మిషనరీగా బతకడం మొదట్లో సుతరామూ ఇష్టం లేదు. తిండివనంలో ఒకే రాత్రి ముగ్గురొచ్చి, మా ఇంట్లో కాన్పు కష్టమైంది రమ్మని వేడుకున్నారు. ఆమెకు వైద్యం రాదు. డాక్టరైన నాన్నేమో మగవాడని వాళ్లు ఒప్పుకోలేదు. తెల్లారేసరికి ముగ్గురు తల్లులూ పోయారు. ఆ రాత్రితో మనసు మారి, ఆమె అమెరికాలో చదివి 1899లో డాక్టరై, 1900లో తిరిగొచ్చింది.

ఆఫ్రికా మిషన్ ఆసుపత్రికి పోతానని సంఘం ముందు నిలబడి చెప్పిన తమ్ముడూ, నీకోసం అందరం మోకాళ్లూని ప్రార్థన చేసినాం. భయముంటే చెప్పు, కూర్చుని మాట్లాడుకుందాం. అమ్మను మేం చూసుకుంటాం. వచ్చే ఏడాది, ఆ పై ఏడాది అని మాత్రం జరపొద్దు. అక్కడ రోగులు ఎదురుచూస్తున్నారు. బయల్దేరు నాయనా.