కుక్కతో సహా

అమెరికాలో ఒక ఇల్లు కొన్న తెలుగువాడికి రెండో ఇంటి మీదికి మనసు పోవడం మామూలే. ఆ రెండోది కొండల్లోనో సముద్రం ఒడ్డునో కొని, ఏడాదిలో పదిరోజులు తాము ఉండి, మిగతా రోజులు వచ్చేపోయేవాళ్ళకి అద్దెకివ్వడం ఈమధ్య బాగా పెరిగింది. 2008లో శాన్ ఫ్రాన్సిస్కోలో ఎయిర్‌బీఎన్‌బీ మొదలైనప్పుడు ముక్కూ మొహం తెలియనివాళ్ళని ఇంట్లో పడుకోబెట్టడమేమిటని నవ్వినవాళ్ళు కూడా ఇవాళ తమ ఇళ్ళని అందులో పెడుతున్నారు. మేమూ ఆ జాబితాలోవాళ్ళమే. టెనసీలో స్మోకీ మౌంటెన్స్‌కి దగ్గరగా, సెవియర్‌విల్ అవతల మాకో చిన్న క్యాబిన్ ఉంది. అద్దెకి పెట్టేటప్పుడు పడకలెన్ని, కార్లెన్ని పడతాయి లాంటి ప్రశ్నలన్నిటికీ చకచకా జవాబులు రాసేశాం. ఒక్క ప్రశ్న దగ్గర మాత్రం ఇంటిల్లిపాదీ రెండు పార్టీలైపోయాం. పెంపుడు జంతువుల్ని రానిస్తారా?

“కుక్క పొర్లాడిన సోఫా మీద మర్నాడు మనం కూర్చుని కాఫీ తాగాలిటే?” అన్నారు అప్పుడు మాతో ఉన్న అత్తయ్యగారు. ఆవిడకి కుక్కలంటే అసహ్యమేం కాదు. ఊళ్ళో రోజూ రాత్రి చివరి ముద్ద వీధికుక్కకి పెట్టిగాని గిన్నెలు కడగని మనిషి. కాని దాని చోటు అరుగు పక్కన. గడప దాటడానికి వీల్లేదు. మనలో చాలామంది పెరిగిన పద్ధతి అదే. ఇక్కడేమో కుక్క మంచమెక్కి పడుకుంటుంది. దాన్ని వదిలి సెలవులకి వెళ్ళమంటే పిల్లని వదిలి వెళ్ళమన్నట్టే బాధపడతారు.

మావారు భారతం తీశారు. “స్వర్గం వాకిట్లో ధర్మరాజుని ఇంద్రుడు ఆపింది దీనికోసమే కదా! కుక్కని వదిలి రమ్మంటే ఆయన రథమే ఎక్కనన్నాడు.” నిజమే. కాని ఇంద్రుడికి స్వర్గంలో దుప్పట్లు ఉతికే బాధ లేదు. ఆ తర్వాత దిగబోయే అతిథికి ఉబ్బసముందేమో చూసుకునే పనీ లేదు.

మా కొండల్లో ఇంకో చిక్కుంది. చాలామంది కుక్కని వెంటబెట్టుకుని వచ్చేది దానితో కలిసి కొండలెక్కుదామని. తీరా వచ్చాక తెలుస్తుంది, గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్కులో కుక్కల్ని రానిచ్చే నడకదారులు రెండే రెండని. ఒకటి గాట్లిన్‌బర్గ్ ట్రెయిల్, రెండోది నార్త్ కెరొలైనా వైపున్న ఒకొనలుఫ్టీ నది ఒడ్డుది. మిగతా దారుల్లో గొలుసు కట్టినా ఒప్పుకోరు. ఇంకేం, కుక్కని ఇంట్లో పెట్టి తాళం వేసి వాళ్ళు జలపాతాలు చూడ్డానికి పోతారు. కొత్తచోటు, మనుషుల్లేరు, అడవి వాసనలు. అది తలుపు గీరక ఏం చేస్తుంది? డెక్ మీద దాని తిండిగిన్నె మర్చిపోయి వెళ్తే ఆ రాత్రి నల్ల ఎలుగుబంటి వచ్చి తిని పోతుంది. ఒకసారి రుచి మరిగితే మళ్ళీ వస్తుంది. అప్పుడు ప్రమాదం ఇంట్లోవాళ్ళకే కాదు, ఎలుగుబంటికీను.

వాసనా, వెంట్రుకలూ కష్టపడితే పోతాయి. ఎలర్జీ సంగతి వేరు. అది వెంట్రుకల వల్ల మాత్రమే రాదు. జంతువుల ఉమ్ములోనూ చర్మంలోనూ ఉండే ప్రొటీన్లు పొడిగా మారి తివాచీల్లోనూ పరుపుల్లోనూ చేరతాయి. పిల్లి ఇల్లు వదిలి వెళ్ళినా దాని తాలూకు ఎలర్జీ పదార్థం నెలల తరబడి ఉండిపోతుంది. మా స్నేహితుల అమ్మాయికి ఆస్తమా. ఇల్లు కొన్న ఏడాది వాళ్ళు మాతో నాలుగురోజులు గడిపి వెళ్ళారు. కుక్కల్ని రానిస్తే ఆ పిల్ల మళ్ళీ ఆ ఇంట్లో అడుగు పెట్టడానికి లేదు. మాకు ఈ ప్రశ్న వెనక కనిపించింది ఆ పిల్ల మొహమే.

అయితే “వద్దు” అని రాసినంత మాత్రాన కుక్కలు రాకుండా ఉంటాయా? ఈ మాట అడిగింది మా ఇల్లు శుభ్రం చేసే ఆవిడ. ఉదయం పదింటికి ఒక కుటుంబం వెళ్తే, సాయంత్రం నాలుగింటికి ఇంకో కుటుంబం దిగేలోగా ఇల్లంతా కడిగి, పక్కలు మార్చాల్సిన మనిషి. “చెప్పి తెచ్చే కుక్కతో నాకేం బాధ లేదు. ఒక గంట ఎక్కువ పెట్టుకుంటాను. చెప్పకుండా తెచ్చేదానితోనే చావు. మంచం కింద తడి కనిపించేదాకా నాకు తెలీదు” అంది. నిషేధం పెట్టిన ఇళ్ళల్లో కుక్కలు దొడ్డిదారిన వస్తాయని ఆవిడ అనుభవం. అలాంటి ఇంటికి “ఇక్కడ కుక్కలుండవు” అన్న మాట నమ్మి ఆస్తమా పిల్లతో వచ్చేవాళ్ళ గతేమిటి?

పైగా కొన్ని కుక్కల విషయంలో మన ఇష్టంతో పనిలేదు. చూపులేనివాళ్ళకి దారి చూపేవీ, మూర్ఛ వచ్చినప్పుడు సాయపడేవీ శిక్షణ పొందిన సర్వీస్ డాగ్స్. ఎయిర్‌బీఎన్‌బీ వాటిని పెంపుడు జంతువుల కింద లెక్కకట్టదు. సాధారణంగా కాదనకూడదు, ఫీజు అడగకూడదు. అడగదగ్గ ప్రశ్నలు రెండే: వైకల్యం వల్ల ఈ జంతువు అవసరమా, ఏ పనికి శిక్షణ పొందింది? కాగితాలు చూపించమనకూడదు. మనసుకి ఊరటనిచ్చే జంతువుల లెక్క వేరు. న్యూయార్క్, కాలిఫోర్నియా లాంటిచోట్ల తప్ప అవి మామూలు పెంపుడు జంతువులతో సమానమే.

ఇలా నలుగుతుండగానే 2024 సెప్టెంబరు చివర్లో హెలీన్ తుఫాను వచ్చి కొండ అవతల ఊళ్ళని ముంచేసింది. నార్త్ కెరొలైనా నుంచి దంపతులొకరు ఫోన్ చేశారు. ఇద్దరూ డెబ్భై దాటినవాళ్ళు. ఇంట్లో కరెంటు లేదు, నీళ్ళు లేవు. అద్దె ఎంతని అడగలేదు, వేడినీళ్ళు ఉన్నాయా అని అడగలేదు. “మా కుక్కకి పన్నెండేళ్ళు, రానిస్తారా?” అన్నది మొదటి మాట. అప్పటికే నాలుగుచోట్ల లేదనిపించుకున్నారట. 2005లో కత్రీనా తుఫానప్పుడు పెంపుడు జంతువుల్ని వదల్లేక మునిగే ఇళ్ళల్లోనే ఉండిపోయినవాళ్ళున్నారు. అందుకే విపత్తుల్లో ప్రజల్ని తరలించే ప్రణాళికల్లో వాటినీ కలపాలని 2006లో ఈ దేశం చట్టం చేసింది. ఆ ముసలాయనకి ఆ చట్టం సంగతి తెలుసో తెలియదో గాని, కుక్కని వదిలిరమ్మంటే ఆయన కదలడని గొంతులోనే తెలిసింది. రమ్మన్నాం. తొమ్మిది రోజులున్నారు.

ఆ తర్వాత మేం ఒక నిర్ణయానికొచ్చాం. కుక్కలు రావచ్చు, రెండుకి మించకూడదు. పిల్లులు వద్దు. ఇంట్లో ఒంటరిగా వదిలి వెళ్ళకూడదు. తిండిగిన్నె డెక్ మీద పెట్టకూడదు. పార్కులో కుక్కల్ని రానిచ్చే దారులు రెండేనని బుక్ చేసుకోకముందే చెప్పేస్తాం. పడకగదుల్లో తివాచీలు తీయించి, తుడవడానికి వీలుగా నేల మార్పించాం. అన్నిటికన్నా ముఖ్యం, ఇంటి వివరాల్లో మొట్టమొదటి వాక్యంగా “ఈ ఇంట్లో కుక్కలు బస చేస్తుంటాయి” అని రాశాం. అది చదివి వెనక్కి తగ్గేవాళ్ళు చాలామందే ఉంటారు. అమ్మానాన్నల్ని తీసుకొచ్చే తెలుగువాళ్ళయితే మరీను. తగ్గనివ్వండి. తెలిసి తగ్గడం వాళ్ళకీ మంచిదే, మాకూ మంచిదే.

స్నేహితుల అమ్మాయికి ఆ సంగతి నేనే ఫోన్ చేసి చెప్పాను. మొన్న వేసవిలో వాళ్ళు మా ఇంటికి పదిమైళ్ళ దూరంలో, యజమాని పక్క వాటాలోనే ఉంటూ కుక్కల మీద కన్నేసి ఉంచే ఇంకో ఇంట్లో దిగారు. భోజనాలకి మేమే అక్కడికి వెళ్ళాం. అలాంటి ఇళ్ళూ ఉండాలి. అందరూ తలుపులు తెరిస్తే ఆ పిల్లకి చోటుండదు, అందరూ మూస్తే ఆ ముసలాయనకి చోటుండదు.

ఇక పెట్ ఫీజు సంగతి. మీరూ ఇల్లు అద్దెకివ్వాలనుకుంటే ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి. ఆ డబ్బు యజమాని జేబులో వేసుకోవలసింది కాదు. కుక్క వచ్చిన వారం అదనపు గంట చీపురు పట్టేది ఎవరో వాళ్ళకి చెందాలి. మా ఇంట్లో అది మొత్తం ఆవిడకే వెళ్తుంది.